గోస్తనీ అడుగున రెండు సున్నాలు

నేను ఏటికి వెళ్తున్నానని తెలిసి మా అక్క మసాలా నూరింది. అందులో ఆమె తప్పేమీ లేదు. తమ్ముడు కొత్త వల కొన్నాడు, రెండు బకెట్లు కొన్నాడు, మోకాళ్ల దాకా వచ్చే నల్ల రబ్బరు బూట్లు కూడా కొన్నాడు. తన మొగుణ్ణి తోడు తీసుకుని ఆదివారం పొద్దున్నే గోస్తనీ ఏటికి పోతున్నాడు. ఇదంతా చూసినవాళ్లెవరైనా చేపల కోసమే అనుకుంటారు. మధ్యాహ్నం ఫోన్ చేసి, "ఏమన్నా పడ్డాయట్రా?" అని అడిగింది. మూడు వందల పైచిలుకు పడ్డాయని గొప్పగా చెప్పాను. ఆ మాట విని ఇంకో రెండు ఉల్లిపాయలు కోసిందని తరవాత తెలిసింది.

"మూడు వందలేంట్రా, రొయ్యలా?"

"కాదక్కా. పురుగులు."

 "మీ బావకివ్వు ఫోను" అంది. బావ ఫోన్ తీసుకుని, నా ముందున్న తెల్ల ట్రేలోకి ఇంకోసారి తొంగిచూసి, "పురుగులే. నాను సూసినాను. కూరకి రావు" అని సాక్ష్యం చెప్పాడు. ఆ రోజు వాళ్లింట్లో ఆ మసాలా వంకాయకి పట్టించారు.

నేను మధురవాడలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. నలభై దాటాక పీహెచ్‌డీ మొదలుపెట్టాను. ఏట్లో నీళ్లు తగ్గినప్పుడు అడుగున రాళ్ల కింద, ఇసకలో బతికే చిన్న చిన్న జీవులకి ఏమవుతుంది అనేది నా విషయం. దీని మీద పరిశోధన చేస్తున్నానంటే స్టాఫ్ రూములో ఒక్కరూ రెండో ప్రశ్న వెయ్యలేదు. వేస్తే బాగుండునని నేను రోజూ ఎదురుచూసేవాణ్ణి. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పే రకాన్ని నేను. ఈ గుణం వల్లే తరవాత చెంపదెబ్బ తిన్నంత పనైంది కాబట్టి ముందే ఒప్పుకుంటున్నాను.

బావ గురించి చెప్పాలి. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చినవాడు, మేం ఉక్కునగరం క్వార్టర్లలో పెరిగాం. అక్కని ఇక్కడి అబ్బాయికే ఇచ్చారు. బావది విజయనగరం వైపు పల్లె, అదే ఫ్యాక్టరీ పంప్‌హౌస్‌లో షిఫ్టు డ్యూటీ. మా వైపు అక్క మొగుణ్ణి మీరు అనడం అలవాటు. పెళ్లైన కొత్తలో నేను అలాగే అంటే, "మీరేటి బావ, నానేటి మీ ప్రిన్సిపాల్నా" అని మాన్పించాడు. ఆయన నన్ను బావ అంటాడు, నేను ఆయన్ని బావా అంటాను. మా ఇద్దర్నీ ఒకచోట చూసినవాళ్లకి ఎవరు ఎవరికి ఏమవుతారో అర్థం కాదు. మాకూ ఆ తేడా పట్టింపు లేదు, ఒక్క ఏటి దగ్గర తప్ప. ఏటి దగ్గర నేను సారుని.

ఆయన్ని వెంటపెట్టుకోవడానికి ఒక కారణం ఉంది. ఏటి అడుగు జీవుల్ని పట్టే పద్ధతి ఇది: నేను దిగువన వల అడుగుకి ఆనించి పట్టుకుని నిలబడాలి. ఇంకొకరు నాకు ఎగువన నిలబడి, సరిగ్గా రెండు నిమిషాలు, కాళ్లతో అడుగుని కుమ్మాలి. కదిలిన రాళ్ల కింద నుంచి లేచిన పురుగులు ప్రవాహంలో కొట్టుకొచ్చి వలలో పడతాయి. ప్రతి నెలా అదే చోట, అదే మనిషి, అంతే బలంతో తన్నాలి. మనిషి మారితే ఫలితం మారుతుంది. నా మోకాళ్లు అంతంత మాత్రం. బావ ఒకప్పుడు కబడ్డీ ఆడినవాడు, పిక్కలు ఇంకా రోకళ్ల మాదిరి ఉన్నాయి.

"ఏటిని తన్నితే డాట్రేట్ ఇత్తారేటి బావ?"

"నువ్వు తన్నితే నాకిస్తారు" అన్నాను.

ఆ జవాబు ఆయనకి నచ్చింది. పంప్‌హౌస్‌లో అందరికీ చెప్పుకున్నాడట. ప్రతి నెలా ఒక ఆఫ్ రోజున పొద్దున్నే బైకు మీద ఊరు మొత్తం దాటి మధురవాడ వచ్చి నన్ను ఎక్కించుకునేవాడు. వాళ్ల క్వార్టర్ల సెక్టారులో ఎవరైనా ఎక్కడికి అంటే, "రీసెర్చికి ఎల్తన్నాను" అనేవాడు. నేను ఇన్నేళ్లలో ఆ మాట అంత నిబ్బరంగా ఒక్కసారీ అనలేకపోయాను.

మేం పని చేసే చోటు తగరపువలసకి కొంచెం ఎగువన. అక్కడ ఏరు రాళ్ల మీదుగా జారుతూ, పిక్కల లోతులో గలగలమంటూ పోతుంది. మొదటి రోజు నేను ఒడ్డున కూర్చుని, ఊపిరి బిగబట్టి, ఆ బూట్లలోకి కాళ్లు దూర్చుకుంటుంటే బావ లుంగీ ఎగ్గట్టి ఒట్టి కాళ్లతో దిగిపోయాడు.

"బూట్లేసుకుంటే అడుగెలా తెలస్తాది బావ?"

"అడుగు తెలియడానికి వల ఉంది" అన్నాను.

పడిన పురుగుల్ని తెల్ల ట్రేలో పోసి చూస్తే బావకి కూడా సరదా పుట్టింది. వాటి లాటిన్ పేర్లు నేను రెండుసార్లు చెప్పాను. ఆయన మర్యాదగా విని సొంత పేర్లు పెట్టుకున్నాడు. మూడు తోకలు నిగడదన్నుకుని ఉండేదానికి 'యాంటెనా'. తూనీగ పిల్ల నీళ్లలో ఉన్నప్పుడు వెనకనుంచి నీళ్లు చిమ్మి ముందుకి దూకుతుంది, అది 'రాకెట్'. బురదలో ఉండే సన్నటి ఎర్ర పురుగు 'పెళ్లికూతురు'. ఇసక రేణువులు ఒక్కొక్కటే అతికించి ఒంటి చుట్టూ గూడు కట్టుకునేది 'మేస్త్రి'. దానికి చుట్టమే ఇంకొకటుంది. అది గూడుతో ఊరుకోదు, రాళ్ల సందులో సాలీడు మాదిరి చిన్న వల అల్లి, ప్రవాహానికి ఎదురుగా కట్టి, కొట్టుకొచ్చేది తింటూ కూర్చుంటుంది. దానికి మాత్రం బావ ఆలోచించి ఆలోచించి నా పేరు పెట్టాడు.

నేను నోటు పుస్తకంలో లాటిన్ పేర్లే రాసుకున్నాను గానీ, మూడో నెల వచ్చేసరికి నాకూ నోట్లోంచి యాంటెనా, రాకెట్ అనే వచ్చేది. గైడ్ మేడమ్ ముందు ఒకసారి నోరు జారి, "మేడమ్, ఈసారి యాంటెనాలు తగ్గాయి" అన్నాను. మేడమ్ సెల్ టవర్ల గురించి ఏదో చెబుతున్నాననుకున్నారు.

చలికాలమంతా పని హాయిగా సాగింది. మార్చికి గలగల తగ్గింది. పైన రిజర్వాయరులో నీళ్లు ఆపితే కిందకి వచ్చేది అంతంత మాత్రమే. ఆ ఆపిన నీళ్లలో కొంత పైపుల మీద పట్నానికే వస్తుంది. "నువ్వు పొద్దున్న పోసుకున్న నీల్లే ఇయ్యి. పురుగులు నిన్ను తిట్టుకుంతన్నాయి" అని బావ వెక్కిరించేవాడు. ఏప్రిల్ నాటికి ఏరు ఏరులా లేదు. అక్కడో మడుగు, ఇక్కడో మడుగు, మధ్యలో ఎండిన ఇసక, దాని మీద గేదెల అడుగులు. ఇసకలో ఒక మామ్మ దోస పాదులు పెట్టింది. రోజూ అక్కడే ఉండేది, కుండతో నీళ్లు మోస్తూ. మమ్మల్ని చూసేది, మాట్లాడేది కాదు.

మా చోటులో నీళ్లు చీలమండల పైకి ఉన్నాయి గానీ కదలిక లేదు. నేను వల ఆనించాను. బావ రెండు నిమిషాలు తన్నాడు. బురద లేచింది. వల ఎత్తి ట్రేలో విదిలిస్తే రెండు ఆకులు, ఒక బిస్కట్ కాయితం, ఇంకేమీ లేదు. మళ్లీ వెతికాను. కళ్లద్దాలు తుడుచుకుని వెతికాను. పుస్తకం తీసి ఆ నెల గడిలో సున్నా చుట్టాను.

బావ నడుం మీద చేతులు పెట్టుకుని మడుగుని చూస్తున్నాడు. "ఓ మాట సెప్పనేటి బావ? మా పంప్‌హౌస్‌లో స్ట్రైనర్ ఉంతాది. నీరు పారితేనే అందులో సెత్త పడతాది. మోటారు ఆపీసినాక స్ట్రైనర్ ఇప్పి సూత్తే ఏటుంతాది? ఏటుండదు. అలాగని సెత్త నేదనేటి?"

ఆ మాట నాకు వినపడలేదని చెప్పుకునే వీలు లేదు. వినపడింది. అర్థం కూడా అయింది, ఒక్క క్షణం. కాని పద్ధతి అన్నాక మార్చకూడదు, నెలనెలా ఒకటే ఉండాలి, అది నేను పుస్తకాల్లో చదివాను, క్లాసులో చెబుతాను. పైగా చెబుతున్నది ఎవరు, లుంగీ ఎగ్గట్టుకుని నిలబడ్డ మా అక్క మొగుడు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

"బావా, ఇది పంప్‌హౌస్ కాదు. సైన్సు. మధ్యలో మన సొంత తెలివి పెట్టకూడదు" అన్నాను.

"సరే బావ. సారువి నువ్వు" అన్నాడు. ముఖం ఏమీ మాడ్చుకోలేదు. మే నెలలో అదే మడుగులో, నీళ్లు ఇంకా తగ్గిపోయి పాచి పట్టినచోట, వాచీ చూసుకుంటూ అంతే నిష్ఠగా రెండు నిమిషాలు తన్నాడు. తొడల దాకా బురద. నేను రెండో సున్నా చుట్టాను.

ఆ రెండు సున్నాల మీద నాకు ఎంత మోజు పుట్టిందో చెబితే నవ్వుతారు. గ్రాఫు గీశాను. జనవరి నుంచి గీత మెట్లు దిగినట్టు దిగి ఏప్రిల్లో నేలకి ఆనింది. అంత అందమైన గీత నా జీవితంలో ఎప్పుడూ రాలేదు. అధ్యాయానికి 'ఏటి అడుగు శూన్యం' అని పేరు పెట్టాను. ప్రవాహం ఆగితే అడుగున ప్రాణి మిగలదు, ఇదీ దాని సారం. కాలేజీ పత్రికకి వ్యాసం రాశాను. ఫస్టియర్ పిల్లలకి చెప్పి, ఇద్దరు ముగ్గురి ముఖాల్లో విచారం తెప్పించాను. గైడ్ మేడమ్ కూడా, "మీ థీసిస్‌లో బలమంతా ఇదే అధ్యాయంలో ఉంది" అన్నారు. ఆమె మాటల్ని నేను తేలిగ్గా తీసుకునే స్థితిలో లేను. రిజిస్ట్రేషన్ అప్పటికే రెండుసార్లు పొడిగించారు, జూన్‌తో సరి. జూన్ మొదటి వారంలో సెమినార్, అది గట్టెక్కితే థీసిస్ ఇచ్చెయ్యవచ్చు. మా డిపార్ట్‌మెంట్ హెడ్ ఆ ఏడాది రిటైరవుతున్నారు. డాక్టరేట్ పని పూర్తైతే ఆ కుర్చీ నాకేనని ప్రిన్సిపాల్ మాటిచ్చారు. కుర్చీ అంటే ఏమీ కాదు, కుషన్ చిరిగిన కుర్చీ. కాని పదహారేళ్లుగా దానికి ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నవాడికి అది సింహాసనమే.

సెమినార్‌కి చచ్చిపోయిన ఏటి ఫొటో ఒకటి పెద్దది కావాలనిపించింది. మే ఆఖరి వారంలో బావని మళ్లీ లాక్కెళ్లాను. ఎండ నెత్తి మీద కర్రు కాల్చి పెట్టినట్టుంది. తెచ్చుకున్న నీళ్ల సీసా దారిలోనే అయిపోయింది. బావ దోసపాదుల మామ్మ దగ్గరికి వెళ్లి, "మామ్మా, కాసిని నీల్లుంతే పోస్తావేటి" అని అడిగాడు.

మామ్మ మా ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. పాదుల పక్కన ఇసకలో మోకాలి లోతు గుంట తవ్వుకుంది, చెలమ. అడుగున నీళ్లు ఊరి తేటగా ఉన్నాయి. ఆమె చెంబు మూతికి మెత్తటి పాత పంచె ముక్క కట్టి, కొబ్బరి చిప్పతో చెలమ నీళ్లు తోడి దాని మీద పోసింది. గుడ్డ విప్పి, చెంబు బావ చేతికిచ్చింది. నేను గుడ్డని చూస్తున్నాను. తడి గుడ్డ మీద ఏవో కదులుతున్నాయి. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి దగ్గరికి వంగాను. బియ్యపు నూకంత ఒంటికి, వెంట్రుక కంటే సన్నటి మూడు తోకలు.

"యాంటెనా" అన్నాడు బావ, తాగడం ఆపి.

"ఏటి బాబూ అలా సూత్తన్నావు? పురుగులే. నీ గొంతులోకి రావు, గుడ్డ కట్టినాను కదా" అంది మామ్మ.

"ఇవి ఎక్కడివి మామ్మా?" అన్నాను. 

"ఎక్కడివేటి? ఏటివే. పైన నీరు ఆరిపోతే ఇసక్కిందకి దిగిపోనాయి. వానలొత్తే మల్లా పైకొత్తాయి. ఏటేటా ఉన్నదే కదా." ఆమె గుడ్డ అందుకుని తిరగేసి, చెలమలో నాలుగుసార్లు మెల్లగా జాడించింది. ఒక్కటీ గుడ్డకి మిగలకుండా చూసుకుని పిండింది. "ఆటిని సంపకూడదు. పురుగు బతకని నీరు మడిసి తాగకూడదు. మా అత్త సెప్పీది."

తరవాత, ఎన్నాళ్ల నుంచో అడుగుదామనుకుంటున్నట్టు, "అయితే బాబూ, మీరిద్దరూ ఆ మడుగులో గెంతుతారు కదా, రెండు నెల్లై సూత్తన్నాను. ఏ మొక్కు అది?" అంది.

బావ నీళ్లు మింగుతూ నవ్వి పొలమారి దగ్గాడు. నేను ఇసకలో కూలబడ్డాను. ఎండకి అనుకుని మామ్మ ఇంకో చెంబు పోసింది, నా నెత్తి మీద.

ఆ పూట ఫొటో తీసుకోలేదు. బావ బైకుకి తగిలించుకున్న పెయింటు బకెట్ తెచ్చి, మామ్మని కత్తి అడిగి తీసుకుని దాని అడుగు కోసేశాడు. ఆ అడుగులేని బకెట్‌ని మడుగులో నిలబెట్టి, నేలలోకి గుచ్చి, లోపలి ఇసకనంతా కొబ్బరి చిప్పతో జానెడు లోతు దాకా తవ్వి ట్రేలో పోశాడు. కడిగి చూస్తే అన్నీ కాదు గానీ, ఉన్నాయి. పెళ్లికూతుళ్లు పుట్టలు పుట్టలుగా ఉన్నాయి, వాటికి ఆ బురదే వైభోగంలా ఉంది. చిన్న యాంటెనాలు, అంతకంటే చిన్న మేస్త్రీలు, ఒక రాకెట్. వల అల్లే నా పేరిటి పురుగు మాత్రం ఎంత తవ్వినా ఒక్కటీ దొరకలేదు. రాయి కింద దాని పాత వల ఒకటి పీలికలై వేళ్లాడుతోంది. నీళ్లు ఆగిన వెంటనే అది వల వదిలేసి పోయింది. నేను మాత్రం ఆగిన నీళ్లలో రెండు నెలలు వల పట్టుకుని నిలబడ్డాను.

తిరిగి వస్తూ తగరపువలస బజార్లో టీ తాగాం. బావ ముంజలు కూడా కొన్నాడు. నేను తినలేదు. ఆయన గ్లాసులోకి చూస్తూ, "నాను ఎవులికీ సెప్పను బావ. మామ్మ ఎలాగూ మీ కాలేజీకి రాదు. జూన్ దాటించీ" అన్నాడు.

నాకు సిగ్గేసింది. సున్నాలు తప్పైనందుకు అంతగా కాదు, ఏటి దగ్గర అందరికీ తప్పులు జరుగుతాయి. ఏప్రిల్లోనే ఈ మనిషి నాకు చెప్పాడు. చెప్పినందుకు నేను అవమానించాను. ఇప్పుడు నా పరువు కాపాడ్డానికి తానే నోరు కట్టుకుంటానంటున్నాడు. అప్పుడే క్షమించమని అడిగి ఉంటే పోయేది. మా ఇళ్లలో మగవాళ్లకి ఆ మాట నోట పలకదు. టీ డబ్బులు నేనిచ్చాను. అదే నా చేతనైన క్షమాపణ.

రెండు రోజులు ఇంట్లో అందరి మీదా విసుక్కున్నాను. అక్కకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఓదారుస్తుందనుకున్నాను. "చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదురా పెద్దలు" అంది. తరవాత, "ఆయన పంప్‌హౌస్‌లో ముప్పై ఏళ్లుగా నీళ్లనే చూస్తున్నాడు. ఏడు కాళ్ల జీవాల గురించి అడిగితే నీకు తెలుసు గానీ, నీళ్ల గురించి ఆయన్ని అడగొచ్చుగా" అంది. ఏడు కాళ్ల జీవాలు లేవని సరిదిద్దబోయి ఊరుకున్నాను. నా జీవితంలో నేను ఊరుకున్న కొద్ది సందర్భాల్లో అదొకటి.

మూడో రోజు కూర్చుని అధ్యాయం పేరు కొట్టేశాను. ఆ సున్నాలు ఏటివి కావు, వలవి. దాన్ని గ్రాఫు కింద రాశాను. ఇక మిగిలింది సెమినార్. క్షమాపణ అక్కడే, అందరి ముందు, మైకులో చెప్పెయ్యాలని ఒక ఆలోచన వచ్చింది. ఒక్కడికి చెప్పలేనివాణ్ణి నలభై మందికి చెప్పగలను, పాఠాలు చెప్పే నోరు కదా. బావని తప్పకుండా రమ్మన్నాను. ముందు రోజు సి షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ పడిందని, అయినా డ్యూటీ దిగి అట్నుంచి అటే వస్తానని అన్నాడు.

వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, తడిపి దువ్విన జుట్టు, చివరి వరసలో ఏసీ కింద కుర్చీ. నేను మొదలుపెట్టాను. చలికాలం గురించి చెప్పాను, మార్చి గురించి చెప్పాను. ఏప్రిల్ దగ్గరికి వచ్చి, ఈ రెండు సున్నాలు నా తప్పు అన్నాను. ప్రవాహంతో పనిచేసే వలని ప్రవాహం లేనిచోట వాడానని, జీవులు ఇసకలోకి దిగితే నేను చచ్చాయని రాశానని చెప్పాను.  గైడ్ మేడమ్ ముఖం ఎర్రబడింది. ముందుగా ఆమెకి చెప్పే ధైర్యం నాకు చాల్లేదు, అది ఇంకో తప్పు.

పరీక్షకుల్లో ఒకాయన, "ఈ సంగతి మీకు ఎలా తట్టింది?" అని అడిగాడు.

"నాకు తట్టలేదండీ. మా బావ ఏప్రిల్లోనే చెప్పాడు. పంప్‌హౌస్‌లో పనిచేస్తాడు. నీళ్లు పారకపోతే స్ట్రైనర్‌లో ఏమీ పడదని చెప్పాడు. నేను వినలేదు, పైగా మాట తూలాను. అది తప్పు. ఆయన అదిగో, ఆ చివరి వరసలో ఉన్నాడు."

నలభై మందీ ఒక్కసారి వెనక్కి తిరిగారు. బావ తల కుర్చీ మీద వెనక్కి వాలిపోయి ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది. నేను ఆయన కోసం మూడు రోజులు కూడబలుక్కున్న మాటలన్నీ ఆయన తల మీదుగా పోయి గోడకి తగిలాయి. మైకులో ఇంకొంచెం గట్టిగా దగ్గాను. గైడ్ మేడమ్, ఆ పూటంతటిలో మొదటిసారి మెత్తబడి, "లేపకండి. డ్యూటీ దిగి వచ్చినట్టున్నాడు" అన్నారు.

ఫలితం అక్కడే చెప్పారు. ఆ రెండు నెలల పని మళ్లీ చెయ్యాలి. ఏప్రిల్, మే మళ్లీ వచ్చేదాకా ఆగాలి. ఇంకో ఏడాది పొడిగింపు, ఇదే ఆఖరు. కుషన్ చిరిగిన కుర్చీలోకి నాకంటే తొమ్మిదేళ్లు చిన్నవాడు వచ్చి కూర్చున్నాడు. వచ్చిన వారానికే కుషన్ మార్పించుకున్నాడు. నాకు బాధ కలిగింది. ఇప్పటికీ ఆ గదిలోకి వెళ్తే ముందు కుషన్ వైపే చూస్తాను.

ఆ రోజు హాలు బయట మెట్ల మీద బావ కళ్లు నులుముకుంటూ, "అయిపోనాదేటి? సున్నాలు దాటించీసినావా?" అని అడిగాడు. చెప్పేదంతా మళ్లీ చెప్పాలని నోరు తెరిచాను. ఇందాక నలభై మందికి చెప్పిన నోరే. "ఆ. అయిపోయింది. పద, టిఫిన్ తిందాం" అన్నాను.

మొన్న ఏప్రిల్లో మళ్లీ వెళ్లాం. అదే చోటు, అవే మడుగులు. మామ్మ పాదులు ఈసారి కొంచెం దిగువకి జరిగాయి. మమ్మల్ని చూసి, "మొక్కు ఇంకా తీరనేదేటి" అంది. బావ అడుగులేని బకెట్ బైకు నుంచి దించాడు. నేను ఒడ్డున కూర్చుని బూట్లు తొడుక్కుని, వల ఒక చేత్తో, పుస్తకం ఒక చేత్తో పట్టుకుని మడుగు దగ్గరికి వచ్చాను. నీళ్లు చీలమండలు కూడా దాటేలా లేవు. బావ లుంగీ ఎగ్గట్టి, నా వైపు చూస్తూ నిలబడ్డాడు, ఎప్పటిలాగే, సారు ఏం చెబుతాడా అని.

"ఎక్కడ మొదలుపెడదాం, ఎలా చేద్దాం, నువ్వే చెప్పు బావా" అన్నాను.

 ఆయన నన్ను చూశాడు, నా చేతిలో వలని చూశాడు, కొంచెంసేపు నీళ్లని చూశాడు. ఏడాదిగా నేను చెప్పలేకపోయింది ఆయనకి అందిందని అప్పుడు తెలిసింది. చెయ్యి చాపి వల నా చేతిలోంచి తీసుకుని ఒడ్డు మీద పడేశాడు.

"ముందు ఆ బూట్లిప్పు" అన్నాడు.

ఇప్పాను. ఇసక వెచ్చగా ఉంది, వేళ్ల కింద ఏదో కదిలింది.